బెకర్ జైలుకి వెళ్లింది అప్పు చేసినందుకు కాదు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. గుంటూరులో ఎరువుల కొట్టు నడుపుతున్నాను. చిన్నప్పుడు టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్ అంటే నాకు పిచ్చి. 1985లో ఆయన మొదటిసారి వింబుల్డన్ గెలిచినప్పుడు ఏడో తరగతి చదువుతున్నాను. గాల్లోకి ఎగిరి బంతి కొడుతున్న ఆయన పోస్టర్ మా ఇంటి గోడ మీద చాలా ఏళ్లు ఉండేది. ఆ పిచ్చితోనే మా అమ్మాయికి ఎనిమిదో ఏట రాకెట్ కొనిచ్చాను. ఇప్పుడు దానికి 16. రెండేళ్లుగా హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉండి అకాడమీలో ఆడుతోంది. ఈ ఏడాది ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ టోర్నీల్లో పాయింట్లు తెచ్చుకుంది. ఈమధ్య ఒకాయన మమ్మల్ని కలిశారు. మూడేళ్లు స్పెయిన్‌లో శిక్షణకి అయ్యే ఖర్చు తనే పెడతారట. బదులుగా అమ్మాయికి 28 ఏళ్లు వచ్చేదాకా సంపాదనలో 35 శాతం ఆయనకి ఇవ్వాలి. డబ్బు లెక్కలన్నీ ఆయన ఆఫీసే చూసుకుంటుంది. ‘పాప ఆట చూసుకుంటే చాలు, మిగతాది మాకు వదిలేయండి’ అన్నారు. మా బావమరిది వెంటనే సంతకం చేసేయమంటున్నాడు. నాకేమో బెకర్ జైలుకి వెళ్లిన వార్త గుర్తొచ్చి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అంత సంపాదించినవాడికే ఆ గతి పడితే మా పిల్ల సంగతేంటి? ఇంకో విషయం. ఆట ఖర్చుల కోసం బయట 19 లక్షలు అప్పు తెచ్చాను, రెండు రూపాయల వడ్డీకి. ఇది మా ఆవిడకీ అమ్మాయికీ తెలియదు. ఆవిడ టీచరు, బీపీ ఉంది, టెన్షన్ పడుతుందని చెప్పలేదు. సంతకం చేయమంటారా?
— పేరు రాయవద్దని కోరిన పాఠకుడు, గుంటూరు

జవాబు: నమస్కారం అండీ. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బెకర్ గురించి, స్పెయిన్ గురించి వివరంగా రాశారు. అప్పు సంగతి మాత్రం చివర్లో ‘ఇంకో విషయం’ అని నాలుగు ముక్కల్లో తేల్చేశారు. బ్యాంకులో అప్పుల విభాగంలో 27 ఏళ్లు పనిచేసినదాన్ని. మనిషి దేన్ని చివర్లో, గొంతు తగ్గించి చెబుతాడో అదే ఆ మనిషిని తినేస్తున్న సంగతి అని నాకు తెలుసు. అందుకే దాని దగ్గరికి తప్పకుండా వస్తాను.

మీరు అడిగినదానికి ముందు సూటిగా చెబుతాను. ఆ కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. అమ్మాయి ఆట మాత్రం మాన్పించకండి. ఎందుకో చెప్పాలంటే బెకర్ కథ మొత్తం మాట్లాడుకోవాలి. మిమ్మల్ని భయపెట్టిన ఆ వార్తలో జైలు ఒక్కటే మీ మనసులో మిగిలినట్టుంది. జైలు దాకా ఎలా వెళ్లాడన్నదే మీకు పనికొచ్చే భాగం.

మీ గోడ మీద పోస్టర్‌లో ఉన్న కుర్రాడిది జర్మనీలో లైమెన్ అనే చిన్న ఊరు. తండ్రి ఆర్కిటెక్టు. ఆ ఊళ్లో టెన్నిస్ సెంటర్ కట్టింది ఆయనే. కొడుకు అక్కడే ఆట నేర్చుకున్నాడు. 1985 జూలై 7న వింబుల్డన్ ఫైనల్లో కెవిన్ కరెన్‌ని 6-3, 6-7, 7-6, 6-4తో ఓడించేనాటికి అతని వయసు 17 ఏళ్ల 227 రోజులు. మగవాళ్ల సింగిల్స్‌లో అంత చిన్నవాడు అంతకుముందెవరూ గెలవలేదు. సీడింగ్, అంటే టోర్నీకి ముందు బలమైన ఆటగాళ్లకి ఇచ్చే వరుస సంఖ్య, లేకుండా గెలిచిన మొదటివాడూ అతనే, గెలిచిన మొదటి జర్మనూ అతనే. మరుసటి ఏడు ఇవాన్ లెండిల్‌ని మూడే సెట్లలో ఓడించి టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1987లో రెండో రౌండ్లోనే ఓడిపోతే జర్మనీ అంతా గగ్గోలు పెట్టింది. అప్పుడు ఆ పందొమ్మిదేళ్ల కుర్రాడు అన్నమాట నాకు ఎంతో ఇష్టం. నేను యుద్ధం ఓడిపోలేదు, ఎవరూ చనిపోలేదు, ఓడిపోయింది ఒక టెన్నిస్ మ్యాచ్ అన్నాడు. అంత నిబ్బరం ఉన్నవాడు ఆ తర్వాతి జీవితంలో ఆ నిబ్బరాన్ని ఎక్కడ పోగొట్టుకున్నాడా అని ఇప్పటికీ బాధపడతాను.

1989లో మూడో వింబుల్డన్ గెలిచాడు, అదే ఏడాది యూఎస్ ఓపెన్ కూడా. 1991 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో మైకేల్ స్టిచ్‌తో కలిసి డబుల్స్ బంగారు పతకం. 1996లో మళ్లీ ఆస్ట్రేలియన్ ఓపెన్. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, 49 సింగిల్స్ టైటిళ్లు, ప్రైజ్ మనీగానే రెండున్నర కోట్ల డాలర్లు. ప్రకటనల డబ్బు దానికి అదనం. 1999 వింబుల్డన్‌తో ఆట ముగించేనాటికి 31 ఏళ్లు.

ఇదంతా ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, ఈ కాలమంతా అతని పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నారు. ఆట నేర్పడానికి గుంటర్ బోష్ ఉన్నాడు. ఒప్పందాలు, డబ్బు చూడడానికి అయాన్ టిరియాక్ ఉన్నాడు. టిరియాక్ వ్యాపారంలో ఆరితేరినవాడు, ఆయన హయాంలో బెకర్‌కి డబ్బు బాగానే వచ్చింది. ఆయన మీద నింద వేయను. కానీ పదిహేడేళ్ల వయసులో కోట్లు వచ్చి పడుతుంటే, ఆ డబ్బు ఎక్కడికి వెళ్తోందో రాసుకునే అలవాటు ఆ పిల్లాడికి ఎప్పుడు వస్తుంది? ‘నువ్వు ఆట చూసుకో, మిగతాది మేం చూసుకుంటాం’ అనే మాట ప్రేమతోనే అంటారు. మీ దగ్గరికి వచ్చినాయన అన్నమాట కూడా అదే కదా. దశాబ్దాల తర్వాత, 2022లో లండన్ కోర్టులో నిలబడ్డప్పుడు బెకర్ చెప్పుకున్నది కూడా ఇదే. నా వ్యవహారాలు సలహాదారులు చూసేవారు, వాళ్లని నమ్మాను అన్నాడు. అప్పటికి అతనికి 54 ఏళ్లు.

మొదటి దెబ్బ 2002లోనే తగిలింది. తొంభైల మొదట్లో మ్యూనిక్‌లో కాపురం ఉంటూ, పన్ను తప్పించుకోవడానికి మొనాకోలో ఉంటున్నట్టు చూపించాడని జర్మనీలో కేసు నడిచింది. నేరం రుజువైంది. రెండేళ్ల శిక్ష పడినా దాన్ని సస్పెండ్ చేశారు కాబట్టి జైలు తప్పింది, జరిమానాతో బయటపడ్డాడు. అంతకుముందు ఏడాదే విడాకులు. పిల్లల పోషణ ఖర్చులు. ఆదాయం ఆటగాడి స్థాయి నుంచి దిగిపోయినా ఖర్చు మాత్రం ఆటగాడి స్థాయిలోనే ఉండిపోయింది. దీనిలో అతన్ని ప్రత్యేకంగా తప్పుపట్టను. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లలో, పొగాకు ధర పడిపోయిన ఏడాది రైతుల్లో ఇదే చూశాను. రాబడి తగ్గిందని ఒప్పుకోవడానికి మనిషికి చాలా కాలం పడుతుంది.

కోచ్‌గా కూడా అతనికి మంచి రోజులొచ్చాయి. 2013 చివర నుంచి మూడేళ్లు జొకోవిచ్‌కి కోచ్‌గా ఉన్నాడు, ఆ మూడేళ్లలో జొకోవిచ్ ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. టీవీలో వ్యాఖ్యానం చెప్పేవాడు. బయటి లోకానికి అతను వెలిగిపోతున్నాడు. లోపల మాత్రం ఒక ప్రైవేట్ బ్యాంకుకి లక్షల యూరోలు బాకీ. 2014లో ఒక వ్యాపారి దగ్గర 12 లక్షల పౌండ్లు 25 శాతం వడ్డీకి తెచ్చాడు. ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఏడాదికి 25 శాతం. మీ రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. పౌండ్లలో రాసినా నూటికి రెండు అని ప్రామిసరీ నోటు మీద రాసినా, ఆ వడ్డీ నోరు ఒక్కటే.

2017 జూన్ 21న లండన్ కోర్టు అతన్ని దివాళాదారుగా ప్రకటించింది. మల్లోర్కా దీవిలో ఉన్న తన ఎస్టేటు తాకట్టు పెట్టి బాకీ తీరుస్తాను, ఇంకొంచెం గడువివ్వండి అని అతని లాయరు అడిగారు. దివాళా అధికారి ఒప్పుకోలేదు. అతను వింబుల్డన్ సెంటర్ కోర్టులో ఆడుతుంటే చూసిన రోజులు తనకి గుర్తున్నాయంటూనే, ఇసుకలో తల దూర్చుకుని కూర్చున్న మనిషిలా అనిపిస్తున్నాడని అన్నారామె.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. ఇంగ్లండ్ చట్టంలో దివాళా అనేది శిక్ష కాదు. అప్పుల్లో మునిగిన మనిషిని ఒడ్డుకి చేర్చడానికి పెట్టిన దారి. ఒక ట్రస్టీని నియమిస్తారు. ఉన్న ఆస్తులు, ఉన్న అప్పులు మొత్తం ఆయన ముందు పెట్టాలి. ఆయన అమ్మవలసినవి అమ్మి అప్పులవాళ్లకి పంచుతాడు. మామూలుగా ఏడాదిలో దివాళా బంధం విడిపోతుంది. అవమానం ఉంటుంది, ఇల్లు పోవచ్చు, ట్రోఫీలు వేలానికి పోవచ్చు. 2019లో అతని ట్రోఫీలు, జ్ఞాపికలు నిజంగానే వేలం వేశారు. కానీ జైలు ఉండదు. ఆ దారి అతని ముందు తెరిచే ఉంది. అడిగినది ఒక్కటే, ఉన్నదంతా చెప్పమని.

అతను చెప్పలేదు. సొంత ఊరు లైమెన్‌లో ఉన్న ఇల్లు చెప్పలేదు. 8 లక్షల 25 వేల యూరోల బ్యాంకు అప్పు ఒకటి చెప్పలేదు. ఒక టెక్నాలజీ కంపెనీలో ఉన్న షేర్లు చెప్పలేదు. ట్రస్టీ చేతికి పోవలసిన లక్షల యూరోలని వేరే ఖాతాలకి మళ్లించాడు. మొత్తం 24 అభియోగాలు పెడితే 20 కొట్టేశారు. ట్రోఫీలు దాచాడన్న ఆరోపణలు కూడా నిలబడలేదు. మిగిలిన నాలుగూ పైన చెప్పిన దాపరికాలే. 2022 ఏప్రిల్ 29న రెండున్నరేళ్ల శిక్ష వేస్తూ జడ్జి డెబోరా టేలర్ 2002 నాటి శిక్షని గుర్తుచేశారు. ఆ హెచ్చరికని నువ్వు పట్టించుకోలేదు అన్నారు. ఈ కేసు వల్ల నువ్వు అవమానం పాలయ్యావని ఒప్పుకుంటాను, కానీ నీలో వినయం కనిపించలేదు అన్నారు. వింబుల్డన్ రంగుల టై కట్టుకుని కోర్టుకొచ్చిన మనిషి అక్కడి నుంచి వాండ్స్‌వర్త్ జైలుకి వెళ్లాడు.

కోట్లలో అప్పు ఉన్నందుకు అతను ఒక్క రోజు కూడా లోపల ఉండలేదండీ. దాచినందుకు దాదాపు ఎనిమిది నెలలు ఉన్నాడు.

2022 డిసెంబర్ 15న విడుదల చేసి జర్మనీకి పంపేశారు. జైల్లో తోటి ఖైదీలకి లెక్కలు, ఇంగ్లీషు నేర్పడంలో సాయపడ్డానని తర్వాత చెప్పాడు. 2024లో లండన్ హైకోర్టు అతన్ని దివాళా బంధం నుంచి విడిపించింది. ట్రస్టీతో ఒప్పందానికి వచ్చి, సహకరించిన తర్వాతే అది జరిగింది. 2017లో చెయ్యగలిగిన పనికి ఏడేళ్లు పట్టింది.

ఇప్పుడు తండ్రిగా మీకు ఇంకా దగ్గరి కథ ఒకటి ఉంది. బెకర్ ఊరికి ఎంతో దూరం లేని బ్రూల్‌లో టెన్నిస్ క్రీడాకారిణి స్టెఫీ గ్రాఫ్ పెరిగింది. ఆమెకి ఆట నేర్పింది తండ్రి పీటర్ గ్రాఫ్. డబ్బు చూసింది కూడా ఆయనే. పన్ను ఎగవేత కేసులో 1995లో ఆయన్ని అరెస్టు చేశారు, 1997లో మూడేళ్ల తొమ్మిది నెలల శిక్ష పడింది. స్టెఫీ మీద కూడా విచారణ నడిచింది, చివరికి ఆమె కొంత మొత్తం కట్టాక కేసు మూసేశారు. నా డబ్బంతా నాన్నే చూసేవారు, నాకు వివరాలు తెలియవు అన్నదే ఆమె చెప్పుకున్న మాట. అది నిజమే అయి ఉంటుంది. ప్రపంచాన్ని ఏలుతున్న అమ్మాయి, తన సంపాదన గురించి తనకే తెలియదని చెప్పుకోవలసి వచ్చింది. ఆ మాట అనవలసిన రోజు మీ అమ్మాయికి రాకూడదని నా కోరిక. స్పెయిన్ క్రీడాకారిణి అరాంచా సాంచెజ్ వికారియో మూడు ఫ్రెంచ్ ఓపెన్‌లు గెలిచింది. తన డబ్బు తల్లిదండ్రుల చేతుల్లోనే హరించుకుపోయిందని 2012లో బహిరంగంగా ఆరోపించింది, ఇంటివాళ్లు కాదన్నారు. 2024లో బ్యాంకు బాకీ కట్టకుండా ఆస్తులు మళ్లించిన కేసులో ఆమెకే రెండేళ్ల శిక్ష పడింది, జైలుకి వెళ్లనక్కర్లేకుండా సస్పెండ్ చేశారు. అక్కడా అంతే, దాపరికమే.

అయితే మీరు రాత్రిళ్లు భయపడవలసింది బెకర్ కథకి కాదని నా అభిప్రాయం. కోట్లు వచ్చాక పోగొట్టుకోవడం కొద్దిమందికి వచ్చే కష్టం. టెన్నిస్‌లో ఎక్కువమందికి వచ్చే కష్టం ఏమిటంటే, ఆ కోట్లు రాకముందే ఖర్చుల్లో మునిగిపోవడం. మన సుమిత్ నాగల్ 2023 సెప్టెంబర్‌లో ఏం చెప్పాడో గుర్తుందా? అప్పటికి దేశంలో మగవాళ్ల సింగిల్స్‌లో అతనే నంబర్ వన్. ఏడాదికి 80 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఖర్చవుతోంది, అదీ ఒక్క కోచ్‌ని వెంట తిప్పుకుంటేనే, బ్యాంకు ఖాతాలో 900 యూరోలు ఉన్నాయి అన్నాడు. నాలుగు నెలలు తిరక్కుండానే 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అర్హత పోటీల నుంచి వచ్చి, 31వ సీడ్ బుబ్లిక్‌ని మొదటి రౌండ్లో ఓడించాడు. ఎంతో సంతోషించాం. కానీ ఆ 900 యూరోల ఏడాదిని దాటడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. దేశంలో మొదటివాడి పరిస్థితే అది. ఫ్లైట్లు, హోటళ్లు, గట్టింగ్ (రాకెట్‌కి తీగలు బిగించడం), ఫిజియో, వీసాలు అన్నీ సొంత జేబులోంచే. క్రికెట్‌లోలా జీతమిచ్చే బోర్డు ఉండదు. ఓడితే ఆ వారం రాబడి దాదాపు లేనట్టే. ఈ లెక్క అమ్మాయికి ఇప్పుడే తెలియాలి.

ఆ ఒప్పందం సంగతి. మన కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదు. అందుకే ఆయన మీ సంతకం కోసం చూస్తున్నారు. అది పెడితే రేపు ఆ షరతుల కోసం ముందు నిలదీసేది మిమ్మల్నే. 28 ఏళ్లు వచ్చేదాకా అంటే ఇప్పటినుంచి పన్నెండేళ్లు. మోకాలో భుజమో దెబ్బతిని ఇరవయ్యో ఏట ఆట ఆగిపోతే ఆయన పెట్టిన ఖర్చు మీరు తిరిగి కట్టాలా? సంపాదనలో 35 శాతం అంటే ఖర్చులు పోగా మిగిలినదాంట్లోనా, చేతికొచ్చిన మొత్తంలోనా? టెన్నిస్‌లో ఈ రెండింటి మధ్య తేడా భూమికీ ఆకాశానికీ ఉంటుంది. ప్రైజ్ మనీ లక్ష వచ్చి ఖర్చు లక్షా ఇరవై వేలు అయిన వారం కూడా ఆయనకి 35 వేలు ఇవ్వాలి. అన్నింటికంటే నాకు మింగుడుపడనిది, లెక్కలు వాళ్ల ఆఫీసు చేతిలో ఉండడం. ఖర్చు పెట్టేవాడూ, వాటా తీసుకునేవాడూ, లెక్క రాసేవాడూ ఒక్కడే అయితే ఆ లెక్క సరిగ్గా ఉందో లేదో చూసేదెవరు?

ఇంకొకటి, ఇది మీ బావమరిది ఆలోచించి ఉండకపోవచ్చు. అమ్మాయి ఆట ఇదే స్థాయిలో నిలబెట్టుకుని ఇంటర్ పూర్తిచేస్తే, అమెరికా కాలేజీల్లో టెన్నిస్ స్కాలర్‌షిప్‌కి ప్రయత్నించవచ్చు. ఆడపిల్లలకి అక్కడ అవకాశాలు బాగానే ఉన్నాయి. చదువు, కోచింగ్, మ్యాచులు, అన్నీ కాలేజీయే చూస్తుంది. నాలుగేళ్లు అక్కడ ఆడి ఆ తర్వాత ప్రొఫెషనల్‌గా వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆట సంపాదన మీద ఏజెంటుతో ఇలాంటి ఒప్పందం చేసుకుంటే కాలేజీ ఆటలో అర్హతే పోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్క సంతకంతో ఆ తలుపు మూసుకోకండి. దాన్ని తెరిచి ఉంచాలంటే అమ్మాయి ఇంటర్ మాత్రం ఆపకూడదు.

ఇక 19 లక్షలు. రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకి 38 వేలు. ఏడాదికి 4 లక్షల 56 వేలు. మీ కొట్టు లాభంలోంచి ఆ 38 వేలు ప్రతి నెలా ఎలా తీస్తున్నారో, ఆవిడకి ఏం చెప్పి తీస్తున్నారో నేను ఊహించగలను. సీజన్ బాలేదనో, కంపెనీ వాళ్లకి కట్టాలనో చెబుతూ ఉంటారు. ఒక్కో నెలా ఒక్కో అబద్ధం. మీకు నిద్ర పట్టకపోవడానికి బెకర్ కారణం కాదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా నాన్నగారు ఒక స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టారు. ఆ స్నేహితుడు ఊరొదిలి వెళ్లిపోయాడు. నాన్నగారు ఆరేళ్లపాటు ఆ బాకీకి వడ్డీ కడుతూ మా అమ్మకి ఒక్క ముక్క చెప్పలేదు. అమ్మకి ఆయాసం, బాధపడుతుందని. ఆయన పోయిన పదకొండో రోజున, భోజనాలు జరుగుతుండగా ఒకాయన నోటు పట్టుకొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ ఉన్న పొలం అమ్మి కట్టింది. పొలం పోయిందని ఆవిడ ఎప్పుడూ ఏడవలేదు. ‘ఆరేళ్లు నా పక్కనే పడుకుని నాకు చెప్పలేదే’ అని ఏడ్చేది. చచ్చిపోయేదాకా అదే మాట. ఆయాసం ఉన్నావిడే, పొలం అమ్మకం, అప్పు తీర్చడం, మా తమ్ముడి చదువు అన్నీ తనే చక్కబెట్టింది. నాన్న ఒక్కమాట చెప్పి ఉంటే ఆ ఆరేళ్ల వడ్డీ మిగిలేది. మీ ఆవిడ బీపీ గురించి మీరు రాసింది చదివినప్పుడు నాకు మా అమ్మే కళ్లముందు మెదిలింది.

కాబట్టి ముందు ఆవిడకి చెప్పండి. బావమరిది లేకుండా, ఫోన్లో కాకుండా, ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు. ఎంత తెచ్చారు, ఎవరి దగ్గర, ఏ తేదీన, ఇప్పటికి ఎంత కట్టారు, నోటు మీద ఎవరి సంతకాలున్నాయి అన్నది ముందే ఒక కాగితం మీద రాసుకోండి. నోరు తిరగకపోతే ఆ కాగితం ఆవిడ చేతికివ్వండి. కొంచెం చెప్పి కొంచెం దాచకండి. 19లో 10 చెప్పి, మిగతా 9 తర్వాత బయటపడితే, ఆ 9 లక్షల వల్ల పోయే నమ్మకాన్ని మీరు తిరిగి తెచ్చుకోలేరు. బెకర్ ఆస్తులన్నీ దాచలేదు. చాలావరకు చెప్పి కొన్నే దాచాడు. ఆ కొన్నే అతన్ని ముంచాయి.

చెప్పాక ఇద్దరికీ కొన్ని దారులు దొరుకుతాయి, ఇప్పుడు మీరొక్కరే ఉండబట్టి కనిపించడం లేదు. ఇంట్లో బంగారం ఉంటే దాని మీద బ్యాంకులో తీసుకునే అప్పుకి వడ్డీ మీరిప్పుడు కడుతున్నదాంట్లో సగం కూడా ఉండదు. కానీ ఆ బంగారం ఆవిడది. ఆవిడ ఒప్పుకుని, తన చేత్తో తీసిస్తేనే ఆ దారి. ఆవిడ జీతం మీద వ్యక్తిగత రుణం కూడా రెండు రూపాయల వడ్డీ కంటే చాలా తక్కువకి దొరకొచ్చు. బయట అప్పు తీర్చినప్పుడు నోటు వెనక్కి తీసుకోవడం, ఇచ్చిన డబ్బుకి రసీదు రాయించుకోవడం మరిచిపోకండి. తెలిసినవాళ్లే కదా అనుకుని నోటు వదిలేసి వచ్చినవాళ్లని బ్యాంకులో చాలామందిని చూశాను.

అమ్మాయికి కూడా చెప్పాలి. మీకు ఇది కష్టంగా ఉంటుందని తెలుసు. పిల్లకి తెలిస్తే ఆట మీద మనసు పెట్టలేదని మీరనుకుంటారు. పదహారేళ్ల పిల్ల ఊరు కాని ఊళ్లో ఒంటరిగా టోర్నీలాడి, మ్యాచ్ పాయింటు దగ్గర రెండో సర్వ్ వేస్తుంది. అంత గుండె ఉన్న పిల్ల ఈ మాట వినలేదా? అయితే ‘నీ కోసం ఇంత చేశాం’ అన్నట్టు కాకుండా చెప్పండి. ‘ఇంత ఖర్చయింది, ఇంత అప్పుంది, ఇది మేం తీరుస్తాం, ఇకనుంచి నీ ఆట లెక్క నువ్వే రాయాలి’ అని చెప్పండి. ఒక నోట్‌బుక్ కొనివ్వండి. టోర్నీకి వెళ్లినప్పుడు టికెట్, గది, ఎంట్రీ ఫీజు, గట్టింగ్, తిండి, ప్రతిదీ తన చేత్తో రాయాలి. నెలాఖరున ముగ్గురూ కూర్చుని చూడాలి. రేపు తనకి 18 దాటి ఏజెంటు వచ్చినా, స్పాన్సర్ వచ్చినా, ఆ నోట్‌బుక్ రాసిన పిల్ల వాళ్లని అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

ఆ పెద్దమనిషికి ఇప్పటికి ఒకే మాట చెప్పండి. కాగితం మా లాయరుకి చూపించి, ఇంట్లో అందరం చదివాక చెబుతామని. నెల రోజులు ఆగలేనంటే, వెళ్లనివ్వండి. ఆగితే, ఖర్చులు పోగా మిగిలినదాంట్లోనే వాటా, 18 నిండాక అమ్మాయి కొనసాగనంటే ఎలా అన్నది, గాయమైతే ఏమిటన్నది, ఖాతా అమ్మాయి పేరు మీదే ఉండడం, ఇవన్నీ రాతలో అడగండి. మీ బావమరిదికి ఉత్సాహం ఎక్కువ, ఆయన మంచికోరే అంటున్నారనుకుంటాను. కానీ ఆ నోటు మీద వడ్డీ కడుతున్నది ఆయన కాదు.

దసరా సెలవులకి అమ్మాయి ఇంటికి వస్తుందనుకుంటాను. అంతకంటే ముందే, ఈ వారంలోనే ఆవిడకి చెప్పేయండి. కోప్పడితే కోప్పడనివ్వండి, ఏడిస్తే పక్కన కూర్చోండి, సమర్థించుకోవద్దు. బీపీ మాత్ర వేసుకున్నారో లేదో అడిగి, భోజనం అయ్యాక మొదలుపెట్టండి. ఆ తర్వాత వీలైతే ఆ ఒప్పందం నకలు ఒకటి, పేర్లు కొట్టేసి, నాకు పంపండి. షరతు షరతుగా చదివి, ఎక్కడ ఏం మార్పించాలో రాసి పంపుతాను. ఈసారి ఉత్తరం ఇద్దరూ కలిసి రాయండి.